ఎవల్నడగాలె?

మా పెద్దమ్మది పరకాల అవతల ఒక చిన్న ఊరు. వయసు డెబ్బై దాటింది, పెద్దబాపు పోయి పద్నాలుగేళ్లు, కొడుకులిద్దరూ సూరత్‌లో మగ్గాల మీద ఉన్నారు. నెలనెలా ఆమె ఖాతాలో పడే ఒక సర్కారు డబ్బు నిరుడు ఎండాకాలంలో ఉన్నట్టుండి ఆగిపోయింది. మొదటి నెల ఆలస్యమైందేమో అనుకుంది. రెండో నెల పంచాయతీ ఆఫీసుకు పోతే అక్కడాయన “లిస్టు పైకెళ్లే వస్తదమ్మా, అండ్ల నీ పేరు రాలే” అన్నాడు. మండల కేంద్రంలో కంప్యూటర్ ముందు కూర్చున్న పిల్లగాడు నంబరు కొట్టి చూసి “యాక్టివ్‌ల లేదు” అన్నాడు, ఎందుకు లేదో అతని తెర మీద కూడా రాదట. ఆన్‌లైన్ సెంటర్‌లో యాభై రూపాయలు తీసుకుని ఒక కాగితం ప్రింటు తీసిచ్చారు. దాని మీద ఆమె పేరు, ఊరు, పొడుగాటి నంబరు, కింద ఒకే ఒక్క ఇంగ్లిష్ మాట. జిల్లా ఆఫీసుకు నేను వెంట వెళ్లాను. అక్కడి అధికారి మంచి మనిషి, పెద్దమ్మకు కుర్చీ వేయించాడు, మంచినీళ్లు తెప్పించాడు, అంతా ఓపిగ్గా విని “సైటు హైదరాబాద్ నుంచి నడుస్తది, మా చేతుల ఏం లేదు” అన్నాడు.

బయటికొచ్చి బస్సు కోసం నిలబడ్డప్పుడు పెద్దమ్మ అడిగింది, “మరి ఎవల్నడగాలె బిడ్డా?”

ఎంఏ సోషియాలజీ చదివి, హన్మకొండలో పదహారేళ్లుగా డిగ్రీ పిల్లలకు సమాజం గురించి పాఠాలు చెప్తున్నాను. నాకు జవాబు తెలియలేదు.

నాలుగు నెలలకు డబ్బు మళ్లీ పడింది. ఫోన్లో చెప్పింది. నేను సంతోషపడ్డాను, ఆమె గొంతులో మాత్రం సంతోషం లేదు. “ఆగినప్పుడు ఎందుకాగిందో తెల్వలే, వచ్చినప్పుడు ఎందుకొచ్చిందో తెల్వలే. మల్ల ఎప్పుడు పోతదో” అంది. అప్పట్నుంచి ఆ డబ్బు గురించి ఆమె వాన గురించి మాట్లాడినట్టే మాట్లాడుతోంది. పడితే పడ్డట్టు, లేకుంటే లేనట్టు.

ఇంటర్నెట్, కృత్రిమ మేధ మన సమాజాన్ని ఏం చేస్తున్నాయన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా మన చర్చ ఉద్యోగాలు పోతాయా, పిల్లలు ఫోన్ల మీద పడి చెడిపోతున్నారా అన్న దగ్గరే తిరుగుతుంది. అవి చిన్న ప్రశ్నలని అనను. కానీ వరంగల్ చుట్టుపక్కల పల్లెల్లో నా కళ్ల ముందు జరుగుతున్న పెద్ద మార్పు ఇది: ఎక్కడో ఎవరో తీసుకున్న నిర్ణయం, ఎవరూ తీసుకోనట్టుగా, ఎండలాగా వానలాగా మన మీద పడుతోంది, దాని గురించి అడుగుదామంటే ఎదురుగా మనిషి ఉండటం లేదు. ఇది చదవాల్సిన విషయం. ఈ ఊళ్లలో తిరిగి, మన భాషలో, మనమే చదవాల్సిన విషయం.

మనది అడగడం తెలిసిన నేల. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన భూమి తనదేనని, తన పంట తనదేనని నిలబడ్డప్పుడు ఎదురుగా విసునూరు దేశ్‌ముఖ్ ఉన్నాడు. అతనికొక పేరుంది, గడి ఉంది, గుండాలున్నారు. బలమైన శత్రువే, కానీ ఎక్కడుంటాడో ఊరందరికీ తెలుసు, ఎవరి మీద కొట్లాడుతున్నామో సంఘంలో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుసు. అదే నేల మీద ఇవాళ పెద్దమ్మ తన డబ్బు ఆపిందెవరో తెలియక, ఆపినవాళ్లు అసలు ఉన్నారో లేదో కూడా తెలియక, అది తన రాత అనుకుంటోంది. నాకు డబ్బు ఆగడం కంటే ఇదే ఎక్కువ బాధగా ఉంది.

ఇక్కడ ఒక ఎదురుమాట వస్తుందని తెలుసు, అది బలమైన ఎదురుమాట కూడా. మనిషి ఉంటే లంచం అడుగుతాడు, కులం అడుగుతాడు, మనవాడా కాదా చూస్తాడు, కంప్యూటర్‌కు ఆ జబ్బులు లేవు కదా అంటారు. మా తాత పట్వారీ ఇంటి అరుగు కింద చెప్పులు చేత పట్టుకుని నిలబడేవాడట. భూమి ఎవరిదో రాసే పహాణీలో ఒక్క పేరు మార్పించడానికి రెండేళ్లు తిరిగి, కోళ్లూ నెయ్యీ మోసిన కథ మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయినప్పుడు ఊళ్లలో పండగ చేసుకున్నవాళ్లు ఉన్నారంటే ఊరికే కాదు. ఆ రోజులు మళ్లీ రావాలని నేను ఎప్పుడూ కోరను. కాకపోతే భూమి కాగితాల కథను అక్కడితో ఆపకుండా ఇవాళ్టిదాకా చదివితే ఈ ఎదురుమాట సగమే నిజమని తెలుస్తుంది.

2017 సెప్టెంబరులో భూ రికార్డుల ప్రక్షాళన మొదలైంది. 2018 మే 10న హుజూరాబాద్‌లో రైతుబంధు మొదలుపెట్టి, పంటకు ఎకరానికి 4,000 రూపాయల లెక్కన ఇచ్చారు, అంటే రికార్డులో పేరుందా లేదా అన్నది ఇక పరువు విషయం మాత్రమే కాదు, పెట్టుబడి విషయం అయింది. 2020 సెప్టెంబరులో ఊళ్లో భూమి లెక్కలు చూసే వీఆర్‌వోల పోస్టులనే రద్దు చేశారు, అక్టోబరు 29న ఆ లెక్కలన్నీ ఆన్‌లైన్‌లో నడిపే ధరణి పోర్టల్ వచ్చింది. రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ అంటే రికార్డులో పేరు మార్పు, రెండూ ఒకే పూటలో అయిపోవడం చూసి నేను కూడా మెచ్చుకున్నాను. కాగితం సరిగ్గా ఉన్నవాడికి అది నిజంగా పెద్ద మేలు. కాగితంలో తప్పు పడినవాడి గతి వేరు. విస్తీర్ణం గుంటల్లో తేడా పడ్డా, పేరు తప్పు పడ్డా, పట్టా భూమి అమ్మకాలు నిషేధించిన జాబితాలో చేరినా, ఊళ్లో అడిగేందుకు ఎవరూ లేకపోయారు. తహసీల్దారును అడిగితే తన చేతిలో లేదనేవాడు, కలెక్టర్ లాగిన్‌లో ఉందనేవాడు. అక్షరం ముక్క రాని రైతులు హోటల్ కాడ చాయ్ తాగుతూ “టీఎం-33 పెట్టినవా, రిజెక్ట్ అయిందా” అని మాట్లాడుకోవడం నేను విన్నాను. అది ధరణిలో తప్పులు దిద్దమని పెట్టుకునే అర్జీ పేరు. కొత్త దేవుడి పేరులా నాలుకల మీద తిరిగింది.

చివరికి ఏమైంది? 2025 ఏప్రిల్‌లో భూభారతి చట్టం అమల్లోకి వచ్చింది, అందులో అప్పీలు చేసుకునే ఏర్పాటు పెట్టారు. అదే ఏడాది సెప్టెంబరులో గ్రామ పాలన అధికారులన్న పేరుతో ఊళ్లలోకి మళ్లీ మనుషులను పంపారు. ఏ పార్టీ ఏది చేసిందన్నది నాకిక్కడ ముఖ్యం కాదు. మనిషిని తీసేసి పోర్టల్ పెట్టడం, ఐదేళ్లకు మళ్లీ మనిషిని తెచ్చుకోవడం, ఈ రెండింటి మధ్య తెలంగాణ పల్లె ఏం నేర్చుకుంది, ఏం పోగొట్టుకుంది అన్నది ఒక పెద్ద పాఠం. ప్రపంచంలో ఏ యూనివర్సిటీలోనైనా సాంకేతికత, సమాజం అన్న విషయం చదివేవాళ్లకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. మన పిల్లలకు ఇది పాఠ్యాంశం కాదు, వాళ్ల నాన్నల తలనొప్పి మాత్రమే.

పోర్టల్ అయితే కనీసం కనిపిస్తుంది. కనిపించనివి ఇంకా ఉన్నాయి. సమగ్ర వేదిక అన్న పేరు మా ఊళ్లలో నూటికి ఒక్కరు కూడా విని ఉండరు, కానీ వాళ్లందరి వివరాలూ దాని దగ్గర ఉన్నాయి. తెలంగాణ ప్రభుత్వం దాదాపు 30 శాఖల దగ్గరున్న సమాచారాన్ని, అంటే ఎవరికి బండి ఉంది, ఎవరికి భూమి ఉంది, ఎవరు కరెంటు బిల్లు ఎంత కడుతున్నారు లాంటివన్నీ, ఒక్కచోటికి తెచ్చి, ఒకే మనిషివి అనుకున్నవాటిని కలిపి, పథకానికి ఎవరు అర్హులో ఎవరు కాదో తేల్చడానికి దాన్ని వాడింది. 2014 నుంచి 2019 మధ్య రాష్ట్రంలో 18.6 లక్షలకు పైగా ఆహార భద్రత కార్డులు రద్దయ్యాయి, ముందుగా ఒక నోటీసు కూడా లేకుండా. విషయం సుప్రీంకోర్టు దాకా పోయింది. రద్దయిన కార్డులను ఇంటింటికీ వెళ్లి మళ్లీ సరిచూడాలని 2022 ఏప్రిల్‌లో కోర్టు చెప్పింది. దరఖాస్తు పెట్టుకున్నవాళ్లు 4,91,899 మంది. ఆ జూలై నాటికి చూసినవి 2,05,734, వాటిలో అర్హులేనని తేలినవి 15,471. నూటికి ఏడున్నర. ఆ యంత్రం ఎట్లా లెక్కవేస్తుందో చూపే సోర్స్ కోడ్ ఇవ్వండని సమాచార హక్కు చట్టం కింద అడిగితే ఇవ్వలేదు. హైదరాబాద్‌లో రిక్షా లాగి బతికిన ఒకాయనను, దాదాపు అదే పేరున్న ఇంకొకరి కారు ఆయనదే అనుకుని, కారున్న కుటుంబం కింద లెక్కవేసిన సంగతి 2024లో ఒక పత్రికా పరిశోధనలో బయటికొచ్చింది.

నూటికి ఏడున్నర అంటే తక్కువే కదా అనేవాళ్లు ఉంటారు. బియ్యం రాని ఇంట్లో అది నూటికి నూరు.

ఆ పేర్ల సంగతి దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే వరంగల్ వాడిగా నాకది వెంటనే తగిలింది. మా వైపు పేర్లు ఎట్లా పెడతారో చూడండి. మేడారం మొక్కుతో పుట్టినవాళ్లు సమ్మయ్య, సమ్మక్క, సారయ్య, సారక్క. కొమురెల్లి మల్లన్నకు మొక్కితే కొమురయ్య, మల్లయ్య, కొమురమ్మ. ఐనవోలు మల్లన్న పేరు మీద ఐలయ్య, ఐలమ్మ. ఒక్క ఊళ్లో కొమురయ్య కొడుకు సమ్మయ్యలు నలుగురు ఉండటం మాకు మామూలు. ఊరు వాళ్లను బక్క సమ్మయ్య, బాయికాడి సమ్మయ్య, బొంబాయి సమ్మయ్య అని విడివిడిగా పిలుచుకుంటుంది, ఎవరికీ తికమక ఉండదు. ఇప్పుడు ఆ నలుగురినీ ఇంగ్లిష్ అక్షరాల్లోకి ఎక్కించండి. ఆధార్‌లో ఒక స్పెల్లింగు, బ్యాంకులో ఇంకో స్పెల్లింగు, ఓటరు కార్డులో ఇంటిపేరు ముందు, ఇంకెక్కడో వెనక. పేర్లు పోల్చి మనుషులను కలిపే ఏ యంత్రానికైనా ఒక్క సమ్మయ్య ముగ్గురుగా కనిపించవచ్చు, ముగ్గురు సమ్మయ్యలు ఒక్కడుగా కనిపించవచ్చు. ఆ యంత్రాన్ని చేసినవాళ్లు చెడ్డవాళ్లని నేను అనడం లేదు. సమ్మక్క జాతరకూ, బియ్యం కార్డుకూ సంబంధం ఉంటుందని వాళ్లకు చెప్పేవాళ్లు ఆ గదిలో లేరు, అంతే. చెప్పాల్సింది ఎవరు? మనం. ఇంజనీరింగ్ చదివినవాళ్ల పని ఎంతో, ఊళ్ల పేర్లు తెలిసినవాళ్ల పని కూడా అంతే ఇందులో.

బయటి దేశాల్లో ఇలాంటివి జరగలేదా అంటే జరిగాయి. నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ భత్యం తీసుకునే వేల కుటుంబాలను మోసగాళ్లుగా లెక్కవేసి, ఇచ్చిన డబ్బంతా వెనక్కి కట్టమన్నారు. ఎవరి మీద అనుమానపడాలో తేల్చడంలో ఆ దేశ పౌరులా కాదా అన్నది కూడా చూసిందా యంత్రం. సంగతి బయటపడ్డాక 2021 జనవరిలో అక్కడి ప్రభుత్వమే రాజీనామా చేసింది. ఆస్ట్రేలియాలో సర్కారు సాయం తీసుకున్నవాళ్ల మీద కంప్యూటర్ లెక్కతో తప్పుడు బాకీలు మోపిన, రోబోడెట్ అని పేరుపడ్డ పథకం మీద రాయల్ కమిషన్ వేసి 2023లో నివేదిక తెచ్చారు. తప్పు అందరూ చేస్తారు. అక్కడ దాన్ని తవ్వి తీసినవాళ్లున్నారు, ఏళ్లపాటు కూర్చుని చదివినవాళ్లున్నారు. ఆక్స్‌ఫర్డ్‌లో ఇంటర్నెట్‌ను, సమాజాన్ని కలిపి చదవడానికే 2001లో ఒక సంస్థ పెట్టుకున్నారు. మన దేశంలో జనానికి ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న, ఊరూరా చేతిలోకి వచ్చింది 2016 సెప్టెంబరులో జియో మొదలైన తర్వాత. వాడటంలో మనం ఎవరికీ తీసిపోలేదు. చదవడంలోనే వెనకబడ్డాం.

మంచి జరగలేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు గల్ఫ్ కుటుంబాలను అడగండి. ఒకప్పుడు దుబాయ్ నుంచి వచ్చే ఊరివాడి చేతికి క్యాసెట్ ఇచ్చి పంపేవాళ్లు, అందులో గంటసేపు భర్త మాటలు, దాన్ని ఇంటిల్లిపాదీ కూర్చుని విని, ఏడ్చి, వెనకవైపు తమ మాటలు నింపి మళ్లీ పంపేవాళ్లు. ఇవాళ కూతురు నడక నేర్చుకోవడం తండ్రి ఫోన్లో చూస్తున్నాడు. దాని విలువ కట్టలేం.

కానీ అదే ఫోన్‌లోంచి లోన్ యాప్‌లు కూడా వచ్చాయి. 2020 కరోనా కాలంలో ఐదు వేలు, పది వేలు తీసుకున్నవాళ్ల కాంటాక్టులన్నీ లాక్కుని, చుట్టాలకూ స్నేహితులకూ పరువు తీసే మెసేజీలు పంపి, ప్రాణాలు తీసుకునేదాకా తెచ్చాయి. ఆ డిసెంబరులో హైదరాబాద్ పోలీసులు కేసులు పెట్టాకే చాలామందికి తెలిసింది. ఊళ్లో అప్పిచ్చే షావుకారు కూడా వడ్డీకి చంపేవాడే. కానీ దసరా దాకా ఆగమని కాళ్లు పట్టుకుంటే వినేవాడో తిట్టేవాడో, ఒక మనిషి. యాప్‌కు కాళ్లుండవు.

2018లో పిల్లలను ఎత్తుకుపోయేవాళ్లు దిగారని వాట్సాప్‌లో తిరిగిన వీడియోలు గుర్తున్నాయా? తెలియని మనిషి కనిపిస్తే చెట్టుకు కట్టేసి కొట్టిన రోజులవి. ఆ జూలైలో వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజ్‌ను ఐదు చాట్‌లకు మించి ఒకేసారి పంపకుండా కట్టడి పెట్టింది. నాకు అంతకంటే ముఖ్యంగా కనిపించేది గద్వాలలో జరిగింది. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను ఊళ్లకు పంపి, డప్పు కొట్టించి, పాటలు పాడించి, నిజమేదో అబద్ధమేదో ఊరి మధ్యలో నిలబెట్టి చెప్పించారు. వీడియో చూసి భయపడ్డవాళ్లు తిరిగి ప్రశ్న అడగడానికి ఎదురుగా ఒక మనిషి దొరికాడు.

ఇప్పుడు చాట్‌బాట్‌ల దగ్గరికి వస్తాను. 2022 నవంబరు చివర్లో చాట్‌జీపీటీ వచ్చిన తర్వాత రెండు సెమిస్టర్లకే మా క్లాసులో అసైన్‌మెంట్లన్నీ ఒకే గొంతుతో మాట్లాడటం మొదలుపెట్టాయి. అది వేరే గోల. ములుగు వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి తన ఊరి చెరువు గురించి రాసుకొచ్చింది, కాకతీయ గణపతిదేవుడు తవ్వించాడని. ఎక్కడిది అంటే ఫోన్ చూపించింది. వాళ్ల తాతను అడిగి రమ్మన్నాను. తాత చెప్పింది వేరు: ఆయన తండ్రి కాలంలో, కరువు వచ్చిన ఏడు, ఊరంతా తట్టలు మోసి కట్టుకున్న కట్ట అది, మా చిన్నాయన ఆ పనిలోనే పాము కరిచి పోయాడని. ఆ అమ్మాయి ఇంటి మనుషులు కట్టిన చెరువును ఒక యంత్రం రాజుగారి ఖాతాలో రాసేసింది. ఆమె ఊరికి కొద్ది దూరంలో ఉన్న రామప్పలో 1213 నాటి శాసనం ఉంది, రేచర్ల రుద్రుడు కట్టించాడని రాతి మీద రాసి ఉంది, ఎవరైనా పోయి చదువుకోవచ్చు, తప్పు చదివితే ఇంకొకరు సరిదిద్దవచ్చు. ఫోన్ ఇచ్చిన జవాబుకు శాసనం లేదు. పుట్టిందెక్కడో అడిగితే మళ్లీ ఇంకో కథ చెప్తుంది.

దీనికి కారణం కూడా తెలుసుకోవాలి. ఈ యంత్రాలు వెబ్ మీద పోగుపడ్డ అక్షరాలు చదివి మాట్లాడతాయి. 2011 జనాభా లెక్కల్లో తెలుగు తమ మాతృభాష అన్నవాళ్లు 8.11 కోట్ల మంది, కానీ వెబ్‌ను గాలించి పోగుచేసే రాతలో తెలుగు 0.1 శాతం కూడా ఉండదు. ఆ చిటికెడు తెలుగులో మళ్లీ మా యాస ఎంత, మా చెరువుల కథలు ఎన్ని? సెప్టెంబరు 9న కాళోజీ పుట్టినరోజును తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటాం, ఆ ఒక్క రోజు సభలు పెట్టి, మిగిలిన 364 రోజులు మన తాతల మాటలను ఎక్కడా రాయకుండా వదిలేస్తున్నాం. రాయని ఊరు యంత్రానికి లేని ఊరు. అప్పుడది పక్క ఊరి కథను తెచ్చి అతికిస్తుంది.

నాకు నిద్ర పట్టనివ్వని సంగతి ఇదే. ఒక యంత్రం ఏది అడిగినా జవాబు చెప్తుంది, తెలియకపోయినా చెప్తుంది. ఇంకో యంత్రం ఎంత అడిగినా జవాబు చెప్పదు. పెద్దమ్మ మనవడు మొదటిదాన్ని ఫోన్లో తెరిచి, “మా నాయనమ్మ పైసలు ఎందుకాగినయి” అని అడిగాడు. అది చక్కగా ఏడు కారణాలు చెప్పింది. ఏడింటిలో ఒక్కటీ పెద్దమ్మది కాదు, అయ్యే వీలు కూడా లేదు, ఎందుకంటే ఆ కారణం ఉన్నది రెండోదాని కడుపులో. అడిగిన తృప్తి మాత్రం వాడికి దొరికింది, వాడు మళ్లీ ఆఫీసుకు పోలేదు.

మేలు చేస్తున్న కృత్రిమ మేధను కూడా ఇంత లోతుగానే చదవాలి. ఖమ్మం జిల్లాలో 7,000 మంది మిర్చి రైతులతో ‘సాగు బాగు’ అని ఒక ప్రయోగం చేశారు. వాట్సాప్‌లో తెలుగులో సలహాలు, నేల పరీక్ష, కాయ నాణ్యతను యంత్రంతో చూడటం. దిగుబడి 21 శాతం పెరిగింది, పురుగుమందుల వాడకం 9 శాతం తగ్గింది అని చేసినవాళ్లు లెక్కలు చెప్పారు. నిజంగా మంచి సంగతి. కానీ మా నర్సంపేట, పరకాల వైపు రైతుకు సలహా ఎవరిస్తారో తెలిసినవాళ్లకు ఇంకో ప్రశ్న కూడా రావాలి. మందుల షాపాయన ఇస్తాడు. విత్తనాలు ఉద్దెర ఇచ్చేది ఆయనే, పురుగు పడితే డబ్బా చేతిలో పెట్టేది ఆయనే, ఇంట్లో పెళ్లయితే అప్పు సర్దేదీ ఆయనే, పంట వచ్చాక లెక్క తేల్చుకునేదీ ఆయనే. 1997-98లో లద్దెపురుగు పడి పత్తి నాశనమై, మందు మీద మందు కొట్టి, ఉద్దెర తీర్చలేక వరంగల్ జిల్లా రైతులు చాలామంది ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఏడు మా వీధిలో నుంచి పోయిన రెండు పాడెలు నాకు ఇప్పటికీ గుర్తే. అప్పుడు ఒక మంచి సలహా ఫోన్లో వచ్చి ఉంటే ఎంతమంది బతికేవాళ్లో అని ఎన్నోసార్లు అనుకున్నాను. కానీ వెంటనే ఇంకోటి కూడా తోస్తుంది. ఉద్దెర ఇచ్చినాయన ఈ డబ్బా కొట్టమంటుంటే, ఫోన్ వద్దంటుంటే, రైతు ఎవరి మాట వినగలుగుతాడు? వినకపోతే వచ్చే పంటకు విత్తనం ఎవరిస్తారు? దిగుబడి కొలవడం సులువు. షాపాయనకూ రైతుకూ మధ్య ఏం మారిందో కొలవాలంటే షాపు ముందు బెంచీ మీద ఒక సీజన్ మొత్తం కూర్చోవాలి. నేను సామాజిక శాస్త్రం అనేది ఆ కూర్చోవడాన్నే.

అట్లా కూర్చునేవాళ్లు ఎవరు? 1959లో పుట్టిన ఎన్‌ఐటీ మన ఊళ్లోనే ఉంది. 1976లో పుట్టిన కాకతీయ యూనివర్సిటీ మన ఊళ్లోనే ఉంది. రెండింటి మధ్య ఆటో దూరం. అక్కడ యంత్రం లోపల ఏముందో విప్పి చూడగలిగే పిల్లలున్నారు, ఇక్కడ ఊళ్లోకి పోయి పెద్దమ్మలతో మాట్లాడగలిగే పిల్లలున్నారు. ఈ ఇద్దరినీ ఒక సెమిస్టర్ పాటు జతజతలుగా ఒక మండలానికి పంపాలన్నది నా కోరిక. కోడ్ తెలిసినవాడికి సమ్మయ్యల సంగతి తెలుస్తుంది, సమ్మయ్యలు తెలిసినవాడికి రెండు పేర్లు ఒకటేనని యంత్రం ఎట్లా అనుకుంటుందో తెలుస్తుంది.

పద్ధతి కోసం కూడా ఎక్కడికో పోనక్కర్లేదు. 2006లో ఉమ్మడి రాష్ట్రంలో ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీ మొదలైంది, 2009లో దానికి విడిగా ఒక సొసైటీ కూడా ఏర్పడింది. ఆ ఊళ్ల పిల్లలకే శిక్షణ ఇచ్చి, కూలీల హాజరు రాసే మస్టర్లు చేతికిచ్చి, ఇంటింటికీ పంపేవాళ్లు. నీ పేరు మీద ఇన్ని రోజుల కూలి పడింది, నిజమేనా అని అడిగేవాళ్లు. చనిపోయినవాళ్ల పేర్ల మీద ఎత్తిన కూలి, తవ్వని కందకాలు అట్లాగే బయటపడ్డాయి. చివరికి మండలంలో అందరి ముందూ చదివి వినిపించేవాళ్లు, అధికారులు అక్కడే కూర్చుని జవాబు చెప్పాల్సి వచ్చేది. నేను అలాంటి ఒక సభలో మూడు గంటలు నిలబడి విన్నాను. చదువు రాని ఆడవాళ్లు కాగితంలో తప్పును నోటితో పట్టుకోవడం ఆ రోజు చూశాను.

ఇప్పుడు కాగితం మస్టర్ పోయి ఫోటో హాజరు వచ్చింది. 2023 జనవరి నుంచి రోజుకు రెండుసార్లు పని దగ్గర కూలీలను నిలబెట్టి యాప్‌లో ఫోటో ఎక్కించాలన్నారు. మా విద్యార్థి ఒకడిది భూపాలపల్లి వైపు అడవి అంచు ఊరు. సిగ్నల్ కోసం కూలీల హాజరు చూసే మేటు గుట్ట ఎక్కుతుంటే కింద వాళ్లమ్మ నిలబడి ఉంటుందని, ఫోటో ఎక్కితేనే ఆ రోజు చేసిన పని పని అని చెప్పాడు. పనిచేసిందా లేదా అన్నదానికి పక్కన పనిచేసిన నలభై మంది సాక్ష్యం సరిపోయే చోట, గుట్ట మీద సిగ్నల్ సాక్ష్యం కావాల్సి వస్తోంది.

కాబట్టి నేను అడిగేది ఇది. యంత్రం ఒక ఊళ్లో ఎవరెవరిని తీసేసిందో, ఏ కారణంతో తీసేసిందో, ఆ కారణం ఏ శాఖ లెక్కలోంచి వచ్చిందో రాసి పంచాయతీకి పంపాలి, మస్టర్ పంపినట్టే. ఒప్పుకున్నవాళ్లవి గ్రామసభలో చదవాలి. ఇంటి వివరాలు నలుగురిలో చదవడం ఇష్టం లేనివాళ్లకు ఇంటికొచ్చి చెప్పాలి, ఎవరి గుట్టు వాళ్లది, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. “సమ్మయ్య తండ్రి కొమురయ్య, కారు ఉంది” అని ఒక్కసారి పైకి చదివితే చాలు, ఏ సమ్మయ్యకు కారుందో, ఏ సమ్మయ్యకు సైకిల్ కూడా లేదో ఆ సభలోనే తేలిపోతుంది. ఖర్చు లేదు, సర్వర్ అక్కర్లేదు. ఊరికి ఈ తెలివి ఎప్పుడూ ఉంది, అడిగేవాళ్లే లేరు.

మా క్లాసు పిల్లలకు దసరా సెలవుల్లో ఒకే పని ఇచ్చాను. మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఫోన్ వల్లో కంప్యూటర్ వల్లో ‘కాదు’ అనిపించుకున్న ఒక మనిషిని పట్టుకోండి, ఆ ‘కాదు’ ఎక్కడ పుట్టిందో వెనక్కి నడుచుకుంటూ పోండి, ఎవరు ఏమన్నారో వాళ్ల మాటల్లోనే రాయండి. చాలామంది మండల ఆఫీసు దగ్గరే ఆగిపోయారు, దానికి మార్కులు తగ్గించలేదు. ఆగిపోయిన చోటు పేరు రాస్తే చాలన్నాను. ఒకమ్మాయి నోటు పుస్తకంలో చివరి పేజీ నిండా “సార్, అది సిస్టంల రాదు” అన్న మాటే తొమ్మిది మంది నోళ్లలో, తొమ్మిది తేదీలతో ఉంది.

ఆ పుస్తకం చూశాక నేను కూడా పెద్దమ్మ కోసం ఒక నోటు పుస్తకం కొన్నాను. ఏ రోజు ఎక్కడికి పోయింది, ఎవరేమన్నారు, ఆమె చెప్తుంటే మొత్తం రాశాను, పదకొండు వరసలొచ్చాయి. మొన్న సోమవారం ఆమెను ప్రజావాణికి తీసుకెళ్లాను. అర్జీలు తీసుకునే అమ్మాయి పుస్తకం తిరగేసి, “ఇప్పుడు పైసలు వస్తున్నయి గదా అవ్వా, మరి సమస్య ఏంది?” అంది.

పెద్దమ్మ బల్ల మీదికి వంగి, “వస్తున్నయి బిడ్డా. ఎందుకాగినయో రాసియ్యి” అంది.

ఆ అమ్మాయి కాసేపు ఆమె ముఖం వంక చూసింది. పక్కనున్నాయనను ఏ శాఖ కింద రాయాలని అడిగింది, ఆయన వెనకున్నాయనను అడిగాడు. వెనక లైనులో వాళ్లు ఏమైందని ముందుకొచ్చి విన్నారు, ఒకామె తన కార్డు కూడా అట్లాగే పోయిందని పెద్దమ్మ భుజం మీద చెయ్యి వేసి చెప్పడం మొదలుపెట్టింది. చివరికి ‘ఇతరములు’ అని రాసి, స్టాంపు వేసి రసీదు ఇచ్చారు. పెద్దమ్మ నంబరు రెండుసార్లు చదివించుకుంది. బస్సులో కూర్చున్నాక పుస్తకం తీసి, పన్నెండో వరసలో దాన్ని నాచేత రాయించింది.